‘స్టీర్’ చేయడాన్ని మీ దిక్కు ఏమంటారు? తోలడమా, నడపడమా, ఇంకేమైనా ఉందా?

మిర్యాల_అనువాదం
అందరికీ నమస్తే. నేను మిర్యాలగూడలో ఉంటాను, ఇంటి దగ్గర కూర్చొని చిన్నచిన్న అనువాదాలు చేస్తుంటాను. ఈసారి ట్రాక్టర్ కొన్నవాళ్లకు ఇచ్చే పుస్తకం వచ్చింది. అందులో ‘స్టీర్’ అనే మాట క్రియగా ఎక్కడపడితే అక్కడ తగులుతోంది. స్టీరింగ్ అనే వస్తువుతో ఇబ్బంది లేదు, ఊళ్లో చిన్నపిల్లాడు కూడా స్టీరింగ్ అనే అంటాడు. గొడవంతా క్రియతోనే. ‘నడపండి’ అని రాద్దామంటే ‘డ్రైవ్’కి అప్పటికే అది వాడేశాను, రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కన వచ్చి కూర్చున్నాయి. ఒకచోట ‘మార్గనిర్దేశం చేయండి’ అని రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది, రైతు టార్చిలైటు పట్టుకుని ట్రాక్టర్ ముందు నడుస్తున్నట్టుంది. నిఘంటువు మాటైనా, పొలం మాటైనా, లారీ మాటైనా సరే, తెలిసింది రాయండి. ఎల్లుండికి ఫైలు పంపాలి, టెన్షన్‌గా ఉంది.

దేవరకొండ_రైతుబిడ్డ
తోలుడు. బండి తోలుడు, ట్రాక్టర్ తోలుడు. అయిపోయింది కద తమ్మీ.

మిర్యాల_అనువాదం
అన్నా, తోలడం కూడా డ్రైవే కదా. నాకు కావాల్సింది అది కాదు. బండి పోతూ ఉంటుంది, పోయే బండిని ఇటు అటు తిప్పే పని. దానికి మాట.

కృష్ణకు_ఆవల
మాది గుంటూరు వైపు. తోలడం అని పుస్తకంలో రాయకండి, బాగోదు. తోలడం పశువులకు వాడే మాట. ఓసారి నల్గొండ నుంచి వచ్చిన మా సహోద్యోగి ‘మా అమ్మను ఊరి నుంచి తోల్కొచ్చిన’ అన్నాడు, ఆఫీసు మొత్తం ఒక నిమిషం గప్‌చుప్. అమ్మను తోలుకురావడమేంటి!

పాలమూరు_పిల్ల
ఇందులో గప్‌చుప్ అవ్వడానికి ఏముందండీ? మా దగ్గర ‘తోల్కరా’ అంటే వెంటబెట్టుకుని జాగ్రత్తగా తీసుకురా అని. పెళ్లయిన బిడ్డను పండక్కి తోల్కొస్తాం, మళ్లీ అత్తగారింటికి తోలుతాం. పిల్లలను బడికి తోలుతాం. ఇందులో కర్ర లేదు, అదిలింపు లేదు. మీరు మీ ఊరి అర్థం పెట్టుకుని మా ఊరి మాట వింటే ఎట్లా?

కానీ ఒకటి ఒప్పుకుంటాను. మా నానమ్మ నోట్లో ఈ మాటకు ఇంకో రంగు కూడా ఉంది. వాళ్లది పాలమూరు లేబర్ కాలం. అడ్వాన్సు డబ్బులిచ్చి గుంపు మేస్త్రి ఊరికి ఊరినే ప్రాజెక్టు పనులకు తీసుకుపోయేవాడు, కాల్వలు, కట్టలు, రోడ్లు, ఎక్కడ పనుంటే అక్కడికి. ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు నానమ్మ ‘మేస్త్రి మమ్ముల తోల్కపోయె’ అంటుంది. అదే మాట, అదే ఇల్లు, కానీ ఇక్కడ గొంతు వేరేగా ఉంటుంది. నన్ను బడికి తోలిన సంగతి చెప్పేటప్పుడు ఆ గొంతు కాదు. మాట ఒకటే అయినా ఎవరు ఎవరిని తోలుతున్నారు, ఎక్కడికి అన్నదాన్ని బట్టి దాని బరువు మారిపోతుంది.

కృష్ణకు_ఆవల
సరే అక్కా, వెనక్కి తీసుకుంటున్నా. లేబర్ విషయం నాకు తెలియదు.

నకిరేకల్_పంతులు
నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని, కాస్త పొడుగ్గా రాస్తే ఏమనుకోకండి.

ముందుగా, తోలు అనే క్రియకూ చర్మం అనే తోలుకూ సంబంధం వెతకొద్దు, నిఘంటువుల్లో అవి వేర్వేరు మాటలు. బడిలో ప్రతి ఏడాదీ ఒకడు ‘సార్, తోలు తీస్తా అన్నా తోలుతా అన్నా ఒకటేనా’ అని అడిగేవాడు, ఏ ఏడాదీ తప్పలేదు.

ఇక అసలు సంగతి. నడుచు – నడుపు, నిలుచు – నిలుపు, తడియు – తడుపు. ఈ జతలు చూడండి. నడుపు అంటే ‘నడిచేటట్టు చేయు’ అని మాత్రమే. అది కదలికను గురించిన మాట, దిక్కును గురించిన మాట కాదు. అందుకే హోటల్ నడుపుతాం, బడి నడుపుతాం, పత్రిక నడుపుతాం. హోటల్ ఎటూ పోదు, ఆగిపోకుండా చూడటమే పని. తోలు అంటే వెనక ఉండి ముందుకు పంపడం. అందుకే ఎడ్లను తోలుతాం, పెంట తోలుతాం, చెరువు మట్టి తోలుతాం. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక మా ఊళ్లో ఎండాకాలమంతా వినిపించిన మాట ఇదే, ‘మట్టి తోలించుకున్నవా?’ అని. అక్కడ తోలడం అంటే ఏకంగా రవాణా. ఈ రెంటిలో ఏదీ మీకు కావాల్సిన అర్థం ఇవ్వదు, ఎందుకంటే ఇంగ్లిషువాడు ఒక మాటలో ఇరికించిన పనిని మనం చేతిలో ఏముందన్నదాన్ని బట్టి విడగొట్టుకున్నాం. చేతిలో పగ్గం ఉంటే గుంజుతాం, మేడి ఉంటే పడతాం, తెడ్డు ఉంటే వేస్తాం, కళ్లెం ఉంటే బిగిస్తాం లేదా వదులుతాం. ఏనుగు అయితే మావటి, అంకుశం, అది ఇంకో లోకం.

సంస్కృతం వైపు పోతే సారథి ఉన్నాడు. అతనికి అమరకోశంలో ఉన్న పర్యాయపదాలు చూస్తే మీకు సరదాగా ఉంటుంది: నియంత, ప్రాజిత, యంత, సూతుడు, క్షత్త. మొదటి మాట మళ్లీ చదవండి. నియంత. ఇవాళ పేపర్లో నియంత అంటే ఎవరు? దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్నవాడు. అమరకోశంలో మాత్రం పాపం రథం తోలేవాడు. ‘యమ్’ అనే ధాతువుకు పట్టి ఉంచడం, అదుపు చేయడం అని అర్థం, నియమం, సంయమనం, యంత్రం అన్నీ ఆ కొమ్మకు కాసినవే.

లారీకాక_సూర్యాపేట
అంటే నేను నియంతనా పంతులుగారూ? ఇంట్లో చెప్తే నవ్వుతారు.

నకిరేకల్_పంతులు
మీరు సూతులు కూడా. కర్ణుణ్ని సూతపుత్రుడు అని ఎగతాళి చేసింది అందుకే, పెంచిన తండ్రి అధిరథుడు రథం తోలేవాడు. అదే భారతంలో కృష్ణుడు పార్థసారథి అయితే అది బిరుదు. పని ఒకటే, మర్యాద మాత్రం ఎవరు చేశారన్నదాన్ని బట్టి. శల్యుడి సంగతి చెప్పనే అక్కర్లేదు, కర్ణుడికి రథం తోలుతూ నోటితో గుండె కోశాడు, ‘శల్యసారథ్యం’ అనే మాట మనకు మిగిల్చి పోయాడు. వెనక నుంచి సలహాలిస్తూ ధైర్యం పోగొట్టేవాళ్లు ప్రతి ఆఫీసులో ఉంటారు.

పాలమూరు_పిల్ల
ప్రతి ఆఫీసులో కాదు సార్, ప్రతి టూవీలర్ వెనక సీట్లో.

అమావాస్య_చుక్క
చుక్కాని మర్చిపోయారేంటి అందరూ? దీనికన్నా అందమైన తెలుగు మాట ఉందా? రాత్రిపూట సముద్రంలో చుక్కలు చూసి దారి పట్టేవాళ్లు కాబట్టి చుక్క + ఆని, చుక్కాని. చుక్కను ఆధారం చేసుకున్నది. మన పూర్వీకుల ఖగోళ జ్ఞానం ఒక్క మాటలో ఉంది.

నకిరేకల్_పంతులు
అందంగా ఉంది కానీ నిజం కాదు బాబూ. అరబ్బీలో పడవ చుక్కానిని ‘సుక్కాన్’ అంటారు. తమిళంలో అది ‘చుక్కాన్’, మనకు చుక్కాని. ఇంగ్లిషువాళ్ల ఓడల మీద కూడా చుక్కాని పట్టేవాణ్ని ‘సీకన్నీ’ అనేవాళ్లు, అదీ ఫారసీ ‘సుక్కానీ’ నుంచే. అరబ్బు వర్తకుల ఓడలతో రేవు రేవుకూ తిరిగిన మాట అది. చుక్కతో కలవడం మన చెవి చేసుకున్న పని. లాంచీ నడిపే ‘సరంగు’ కూడా అట్లాంటిదే, ఫారసీ మాట.

అమావాస్య_చుక్క
మరి మన సొంత మాట ఏది? సంస్కృతం నుంచి సారథి, అరబ్బీ నుంచి చుక్కాని, ఇంగ్లిషు నుంచి స్టీరింగ్. మనోళ్లు ఏమీ తిప్పలేదా?

నకిరేకల్_పంతులు
సంస్కృతంలో ‘కర్ణం’ అంటే చెవే కాదు, చుక్కాని కూడా. దాన్ని పట్టినవాడు కర్ణధారుడు. ఊరి కరణానికీ దీనికీ ముడిపెట్టకండి, అది వేరే మాట, లెక్కలు రాసే పని. మన సొంత మాట అడిగారు కాబట్టి తెడ్డు చాలు. కూర కలిపేదీ అదే, పడవ నడిపేదీ అదే.

కృష్ణొడ్డు_మక్తల్
తెడ్డు అన్నారు కాబట్టి నేను వచ్చాను. మా ఊరు మక్తల్ దగ్గర, కృష్ణ ఒడ్డు. పంచదేవ్‌పహాడ్ నుంచి కురువపురం దత్తక్షేత్రానికి పుట్టిలో నది దాటే జనాన్ని చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. పుట్టి తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి తెప్ప, పెద్ద గంపలాగా ఉంటుంది. పాతరోజుల్లో బయట తోలు కప్పేవాళ్లు (చూశారా, తోలు మళ్లీ వచ్చింది), ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తారు. పుస్తకాల్లో అరిగోలు అని రాస్తారు.

పుట్టికి చుక్కాని ఉండదు. ఎందుకుండదంటే దానికి ముందూ వెనకా లేదు. గుండ్రటిదానికి తోక ఎక్కడ పెడతారు? తెడ్డు ఎక్కడ వేస్తే అదే ముందు. పుట్టి నడిపేవాడు పోవాల్సిన వైపు కూర్చొని తెడ్డు ముందుకు వేసి నీళ్లను తన వైపు లాక్కుంటాడు, ఒకసారి కొంచెం కుడికి, ఒకసారి కొంచెం ఎడమకు. ఒకే పక్క వేశాడో, పుట్టి బొంగరంలా తిరుగుతుంది, ఎక్కినవాళ్లు దేవుడా దేవుడా అంటారు. అంటే ఇక్కడ ముందుకు తీసుకుపోవడం, దిక్కు చూపడం రెండూ ఒకే తెడ్డు దెబ్బలో ఉన్నాయి, విడదీయలేరు. మా దగ్గర ‘తెడ్డేసుడు’ అనేస్తాం, అందులోనే అన్నీ. ప్రవాహం ఎక్కువుంటే నేరుగా ఎదుటి ఒడ్డుకు పోడు, చాలా ఎగువకు పోయి అక్కడ వదులుతాడు, నీళ్లే కిందికి తెచ్చి రేవులో పెడతాయి. అప్పుడు స్టీర్ చేసింది ఎవరు, మనిషా నదా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మిర్యాల_అనువాదం
అద్భుతంగా ఉంది అన్నా, కానీ ట్రాక్టర్‌కు తెడ్డేయమని రాయలేను కదా.

బీటెక్_గద్వాల
మధ్యలో వస్తున్నందుకు సారీ, కానీ పంతులుగారి నియంత దగ్గర నాకు ఒకటి వెలిగింది. ఇంగ్లిషులో కూడా సరిగ్గా ఇదే జరిగింది. గ్రీకులో పడవ చుక్కాని పట్టేవాణ్ని ‘కుబెర్నేటేస్’ అంటారు. అది లాటిన్‌లోకి పోయి ‘గుబెర్నాతోర్’ అయింది, అక్కడి నుంచి గవర్నర్, గవర్నమెంట్. అంటే రాష్ట్ర గవర్నర్ పదవికి అసలు అర్థం పడవ నడిపేవాడు. 1948లో నార్బర్ట్ వీనర్ అనే గణితవేత్త యంత్రాలు తమను తామే అదుపు చేసుకునే శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టినప్పుడు కూడా ఆ గ్రీకు మాటే తీసుకున్నాడు. సైబర్ క్రైమ్‌లో సైబర్ దాని ముక్కే. మిర్యాల అన్నా, మీ ట్రాక్టర్ పుస్తకంలో గవర్నర్ అనే భాగం కూడా వచ్చి ఉంటుంది చూడండి, డీజిల్ ఇంజన్ వేగం అదుపు తప్పకుండా చూసేది.

మిర్యాల_అనువాదం
వచ్చింది! ‘గవర్నర్’ అనే రాసి వదిలేశాను. దాన్ని ‘నియంత’ అంటే రైతు ట్రాక్టర్ వాపస్ ఇస్తాడు.

బీటెక్_గద్వాల
ఇంకోటి. ఓడల్లో కుడి పక్కను ‘స్టార్‌బోర్డ్’ అంటారు కదా, అందులో ఉన్నది నక్షత్రం కాదు, స్టీరే. వెనక చుక్కాని రాకముందు ఉత్తర ఐరోపా పడవల్లో దిక్కు తిప్పే పెద్ద తెడ్డు కుడి పక్కన కట్టేవాళ్లు, అందుకని ఆ పక్కకే ఆ పేరు. చుక్కానిలో చుక్క లేదు, స్టార్‌బోర్డ్‌లో స్టార్ లేదు. అమావాస్య_చుక్క అన్న బాధపడొద్దు, ఇంగ్లిషువాళ్లూ అట్లాగే మోసపోతారు.

దేవరకొండ_రైతుబిడ్డ
కుడి పక్క ఎడమ పక్క అంటే మాకు ఎద్దులే గుర్తొస్తాయి. కాడికి కుడివైపు కట్టేది వలపటెద్దు, మా దిక్కు ఎలపటెద్దు అంటాం, ఎడమవైపుది దాపటెద్దు. అలవాటైన జతను ఎప్పుడూ పక్కలు మార్చి కట్టం, మార్చితే రెండూ అయోమయంలో పడి బండిని చేనుగట్టు ఎక్కిస్తాయి. ఎడమకు తిప్పాలంటే దాపటి పగ్గం కొంచెం గుంజి పట్టి ఎలపటిదాన్ని అదిలించాలి. లోపలి ఎద్దు నిలబడ్డట్టు ఉండాలి, బయటి ఎద్దు చుట్టూ నడవాలి. ఇది నోటితో చెప్పడం సులువు, మా బాపు దగ్గర నేర్చుకోవడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది, నొగ ఒకటి విరిగింది.

అదీగాక రోజూ పోయే బాట అయితే అసలు తిప్పే పనే ఉండదు. బండ్ల బాటకు గాడి పడి ఉంటుంది, చక్రాలు అందులో పడ్డాయంటే ఇంకెటూ పోవు. బాపు అంగడి నుంచి రాత్రిపూట వస్తూ బండిలో గడ్డి మీద పడి నిద్రపోయేవాడు, ఎడ్లు నేరుగా ఇంటి ముందు ఆగి మువ్వలు ఆడించేవి. పేపర్లో ‘ఆర్థిక వ్యవస్థ గాడిన పడింది’ అని చదివినప్పుడల్లా నాకు బాపు గురకే వినిపిస్తుంది.

పాలమూరు_పిల్ల
ఈ ఒక్క పోస్టు కోసం నేను ఈ చర్చ మొత్తం సేవ్ చేసుకుంటున్నా.

లారీకాక_సూర్యాపేట
లారీ మాటలు కూడా రాసుకోండి. హైదరాబాద్ – విజయవాడ రోడ్డు మీద నేను స్టీరింగ్ పట్టి పాతికేళ్లు. మేము ‘స్టీరింగ్ పట్టిండు’ అంటే డ్రైవర్ అయ్యాడని. తిప్పడానికి ‘కొట్టు’ అంటాం. వెనక్కి తీసేటప్పుడు క్లీనర్ తలుపు మీద చరుస్తూ చెప్పేది అంతా అదే: ఆనీ ఆనీ, ఎడమకు కొట్టు, పూరా కొట్టు, ఇంక సీదా చేయ్, బస్ బస్ బస్. బస్ మూడుసార్లు అన్నాడంటే అప్పటికే గోడకు తగిలిందని అర్థం. ఇందులో తెలుగెంత, ఉర్దూ ఎంత అని లెక్కపెట్టకండి, బండి సక్కగా లోపలికి పోయిందా లేదా అన్నదే లెక్క.

కృష్ణకు_ఆవల
మా వైపూ ‘కట్ కొట్టు’ అంటారు. ఇక్కడ మనం మనం ఒకటే.

ఎర్రమట్టి
ఉర్దూ అన్నారు కాబట్టి, ‘చలాయించు’ చూడండి. అక్కడ ‘చలానా’ అంటే బండి నడపడం, మామూలు మాట. మన దగ్గరికి వచ్చేసరికి బండ్లు వదిలేసి పెత్తనం, అధికారం మాత్రమే చలాయిస్తోంది. ‘ట్రాక్టర్ చలాయించండి’ అంటే ట్రాక్టర్ మీద అజమాయిషీ చేస్తున్నట్టుంటుంది. పగ్గాలు కూడా అంతే, ఎడ్లు పోయినా పార్టీలకు మిగిలాయి. ప్రతి ఎన్నికలకు ఎవరో ఒకరు పగ్గాలు చేపడతారు, ఎద్దు ముఖం చూడనివాళ్లు కూడా.

అట్లాగే ఉద్యమం రోజుల్లో జేఏసీ స్టీరింగ్ కమిటీ అని పేపర్లో వచ్చేది, మా మామ ‘ఈ కమిటీకి స్టీరింగ్ ఉంది సరే, బ్రేకులు ఎవరి దగ్గర ఉన్నయి’ అనేవాడు. సారథ్య సంఘం అని కొందరు రాశారు గానీ నోళ్లలో స్టీరింగ్ కమిటీయే నిలిచింది.

పాలమూరు_పిల్ల
గైడెన్స్ అనే అర్థం వైపు ఎవరూ పోలేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘దిక్కు’. దారి చూపే మనిషిని మనం ఏమంటాం? ఇంటికి పెద్ద దిక్కు. ఆ మనిషి దిక్కు చూపేవాడు కాదు, ఆ మనిషే దిక్కు. పోతే దిక్కులేనివాళ్లం అవుతాం. మార్గదర్శి, దిశానిర్దేశం, ఇవన్నీ మీటింగు మాటలు, ‘శ్రేణులకు దిశానిర్దేశం చేశారు’ అని రాసిన వార్త చదివాక శ్రేణులు ఎటు పోయాయో ఎప్పుడూ తెలియదు. ఇళ్లలో అయితే తొవ్వ చూపుతాం, తొవ్వకు తెస్తాం. చెడిపోయిన పిల్లగాణ్ని తొవ్వకు తెచ్చుడు అంటే ఎంత పని ఉందో ఆ మాటలోనే తెలుస్తుంది.

నకిరేకల్_పంతులు
బాగా పట్టుకున్నావమ్మా. సంస్కృతంలో ‘నీ’ అనే ధాతువు ఆ పనే చేస్తుంది, తీసుకుపోవడం. నేత, నాయకుడు, నీతి అన్నీ దాని పిల్లలే. ఉపనయనం అంటే కూడా గురువు దగ్గరికి తీసుకుపోవడమే, మీ నానమ్మ భాషలో బడికి తోలుడు.

మిర్యాల_అనువాదం
అందరికీ దండాలు, కానీ నా ట్రాక్టర్ ఇంకా తిరగలేదు. ఇప్పుడు నన్ను చంపుతున్న వాక్యం ఇది. బురద నేలలో ముందు చక్రాలు పట్టు తప్పినప్పుడు ఎడమ కుడి బ్రేకులతో స్టీర్ చేయాలట. స్టీరింగ్‌తో కాదు, బ్రేకులతో. ‘తిప్పండి’ అంటే స్టీరింగ్ చక్రం తిప్పడం అనుకుంటారు. ఏం రాయను?

దేవరకొండ_రైతుబిడ్డ
ఇది ముందే అడగాల్సింది తమ్మీ! కరిగెట, అంటే నాటుకు ముందు మడిని బురద చేసి దున్నేటప్పుడు రోజూ చేసేది అదే. కేజీవీల్స్ (బురదకు వేసే ఇనుప చక్రాలు) వేసి మడిలో దిగితే ముందు చక్రాలు బురద మీద జారుతాయి, స్టీరింగ్ పూరా కొట్టినా ట్రాక్టర్ సీదాగానే పోతుంది. అప్పుడు ఎడమ బ్రేకు ఒక్కటే తొక్కితే ఎడమ వెనక చక్రం ఆగుతుంది, కుడిది తిరుగుతుంది, బండి అక్కడికక్కడే మలుగుతుంది. దాపటెద్దును ఆపి ఎలపటెద్దును నడిపించినట్టే, ఏమీ తేడా లేదు. రోడ్డెక్కే ముందు మాత్రం రెండు బ్రేకులకూ కొక్కెం వేసి కలపాలి, మర్చిపోయి ఒక్కటే తొక్కితే బోర్లా పడుతుంది. అది పెద్దక్షరాల్లో రాయి.

దాన్ని మేము మలుపుడు అంటాం. ‘బ్రేకు మీద మలుపు’ అంటాం. గొర్లను మలుపుతాం, చేన్లోకి పోతున్న గొడ్లను మలుపుతాం, మడవ దగ్గర పార అడ్డం పెట్టి నీళ్లను పక్క మడిలోకి మలుపుతాం.

నకిరేకల్_పంతులు
ఇంతసేపూ నేను సంస్కృతం, అరబ్బీ తిరుగుతున్నాను, మాట పొలంలో ఉంది. మలుపు అనగానే రోడ్డు మలుపు అనే నామవాచకమే గుర్తొస్తోంది మనకు, కానీ అది క్రియ కూడా. నడుపు – నడపండి, కలుపు – కలపండి, మలుపు – మలపండి. వ్యాకరణానికి ఏ లోటూ లేదు. పైగా చేతిలో పగ్గమా, తెడ్డా, బ్రేకా అన్నదానితో దానికి పని లేదు, పోతున్నదాని దిక్కు మార్చడం ఒక్కటే అర్థం. నేను మొదటి పోస్టులో మనకు అన్నిటికీ కలిపి ఒక మాట లేదన్నట్టు రాశాను, అది తప్పు.

కృష్ణకు_ఆవల
మా వైపు ‘మళ్లించు’ ఎక్కువ. మలపండి అన్నా అర్థమవుతుంది లెండి.

మిర్యాల_అనువాదం
రాశాను, చూడండి: ‘బురదలో ముందు చక్రాలు జారుతున్నప్పుడు, ఏ వైపు పోవాలో ఆ వైపు బ్రేకు మాత్రమే తొక్కి ట్రాక్టర్‌ను మలపండి.’ డ్రైవ్ ఉన్న చోట నడపండి, స్టీర్ ఉన్న చోట మలపండి. మొత్తం మార్చి చదివాను, ఒక్కచోట కూడా అడ్డం పడలేదు. పుస్తకం అన్ని జిల్లాలకూ పోతుంది కాబట్టి మొదటిసారి వచ్చిన చోట పక్కన మళ్లించండి అని కూడా పెట్టాను.

ఇంకొక్కటే మిగిలింది. స్టీరింగ్‌ను కొంచెం తిప్పినా చక్రాలు కదలకుండా మధ్యలో ఒక ఖాళీ ఉంటుంది కదా, దాని పేరు. ‘స్వేచ్ఛా చలనం’ అని పెట్టాను, మళ్లీ నవ్వొస్తోంది.

లారీకాక_సూర్యాపేట
మెకానిక్ అయితే ప్లే వచ్చింది అంటాడు. మేము స్టీరింగ్ ఆడుతుంది అంటాం. ఎక్కువ ఆడుతుంటే బండి షెడ్డుకు పెట్టమని రాయి.

మిర్యాల_అనువాదం
ఆడుతుంది. రాసేసుకున్నా కాకా.